రంగు పట్టని తలుపు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే: "మస్తాన్ గారూ, ఏ కంప్రెసర్ కొనమంటారు?" రంగు గురించి అడగరు, చెయ్యి ఎట్లా తిప్పాలో అడగరు. కంప్రెసర్ ఇంటికొస్తే పెయింటర్ అయిపోతామని వాళ్ళ నమ్మకం. మూకుడు కొన్నంత మాత్రాన గారెలు వచ్చేస్తాయా? అయినా చెప్తాను, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కాకపోతే నేను చెప్పిందంతా విన్నాక కొంతమంది మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

నా పని నమూనా కార్లకి రంగు వెయ్యడం. విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక, మాదొక చిన్న షెడ్డు. మూరెడు పొడుగు కార్లు, జీపులు, లారీలు చేసేవాళ్ళం. మొదటి లారీ కొన్న మారాజులు దాని నమూనా చేయించుకుని దేవుడి పటాల పక్కన పెట్టుకునేవారు. డ్రైవింగ్ స్కూళ్ళవాళ్ళు అద్దాల బీరువాలో పెట్టుకునేవారు. బాడీ ఫైబర్‌తో పోత పోసి ఇస్తే, దానికి లప్పం పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమర్ కొట్టి, ఆ మీద ఎయిర్ బ్రష్‌తో రంగు వెయ్యడం నా వంతు. ఎయిర్ బ్రష్ అంటే పెన్నులా పట్టుకునే చిన్న పిచికారీ. చూపుడువేలి కింద మీట ఉంటుంది. కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. తొంభైల్లో మొదలుపెట్టి, కళ్ళు మసకబారేదాకా అదే మీట నొక్కాను.

చిన్న పాము, పెద్ద కర్ర

మా ఓనరు వెంకటరత్నం గారు. లారీలు తిప్పి తిప్పి విసిగి, అవి అమ్మేసి ఈ షెడ్డు పెట్టాడు. మనసు వెన్న, నోరు మాత్రం సైలెన్సర్ ఊడిన బండి. ఏది కొన్నా పెద్దదే కొనాలి ఆయనకి. ఎవరో పంక్చర్ షాపు ఎత్తేస్తుంటే అక్కడి కంప్రెసర్ని రిక్షాలో వేయించుకుని వచ్చి నా ముందు దించాడు.

"ఇదేంటండీ బాబూ! దీంతో నేను బొమ్మ కారుకి రంగెట్లా కొట్టాలి?" అన్నాను.

"లారీ టైరుకి పట్టిన గాలి నీ బొమ్మకి పట్టదా? చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలయ్యా!"

"ఇది పాము కాదండీ, జీపు."

వింటాడా? మొదటి రోజే నీలం జీపు మీద రంగు కొడితే, రవ్వట్టు మీద చిల్లుల్లా గుంటలు పడ్డాయి. పాత యంత్రం కదా, గాలితో పాటు నూనె కూడా చిమ్ముతోంది. నూనె ఉన్నచోట రంగు నిలబడదు, పక్కకి జరిగిపోతుంది. దాంతో ఆయన ఆ కొస నుంచి ఈ కొసకి వచ్చి, ట్యాంకే లేని బుల్లి కంప్రెసర్ తెచ్చాడు. దాంట్లోంచి గాలి దడదడమంటూ వస్తుంది. పెద్ద కారు మీదైతే తెలియదు గానీ మూరెడు కారు మీద ఆ దడంతా చారలై కనపడుతుంది. చివరికి ట్యాంకున్న నడిరకం ఒకటి వచ్చాక గానీ పని కుదుటపడలేదు.

కాబట్టి పిల్లలూ, హార్స్‌పవర్ చూసి కొనకండి. ట్యాంకు ఉండాలి, పెద్దది కానక్కర్లేదు. గాలి జోరు తగ్గించుకునే మర ఉండాలి. నీళ్ళు పట్టే గాజు గిన్నె ఉండాలి. దాన్ని కంప్రెసర్ పక్కనే బిగించకండి, పైపు చివర, మీ చేతికి దగ్గర్లో బిగించండి. వేడి గాలిలో నీరు ఆవిరిగా దాక్కుంటుంది, పైపు వెంట చల్లబడ్డాకే చుక్కవుతుంది. షాపుకి వెళ్ళేటప్పుడు ఒక చేతి అద్దం పట్టుకెళ్ళండి. యంత్రాన్ని కాసేపు నడిపించి పైపు చివర అద్దం పెట్టండి. మసకబారితే నీళ్ళు, వేలు పెట్టినప్పుడు జారితే నూనె. షాపువాడు ఏమన్నా సరే, అద్దం చెప్పిందే నమ్మండి.

మన ఊరి గాలి

ఈ యంత్రాలు చేసేవాళ్ళకి మన ఊరి గాలి సంగతి తెలియదు. మన గాలిలో సగం కృష్ణమ్మే. వానాకాలంలో నల్లరంగు కొడితే మజ్జిగ చల్లినట్టు తెల్లబడేది. దీనికి వెంకటరత్నం గారు కనిపెట్టిన వైద్యం, పక్కన కిరసనాయిలు స్టవ్వు వెలిగించడం! పక్కనే థిన్నర్ డబ్బా మూత తీసి ఉంది. నేను స్టవ్వుని ఒక్క తన్ను తంతే బయట బురదలో పడింది. ఆ పూట మేం బతికి బట్టకట్టామంటే ఆ తన్ను పుణ్యమే. ఆయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగో రోజు పునుగులు తెచ్చి పెట్టాడు.

ట్యాంకు అడుగున ఒక మర ఉంటుంది. రోజూ పని అయ్యాక అది తిప్పి నీళ్ళు వదిలెయ్యాలి. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టే. ఆ నీళ్ళు ఎర్రగా వస్తాయి, లోపలి తుప్పు అది. ఎర్రనీళ్ళు చూసి భయపడకండి. నేనూ ఎప్పుడూ భయపడలేదు, ఆ ఒక్క కారు వచ్చేదాకా.

మా షెడ్డులో ఒక ఆనవాయితీ కూడా ఉండేది. కారు పూర్తయ్యాక తిరగేసి, అడుగున ఎవరికీ కనపడనిచోట ఒక నల్లచుక్క పెట్టేవాళ్ళం. దిష్టిచుక్క. పసిపిల్లకి అరికాల్లో పెట్టినట్టు. చుక్క పెట్టాకే బండి ఇంటికి పోయేది.

దారం రంగు

రోజమ్మ వచ్చింది ముసుర్లు తగ్గిన కొత్తలో. గుణదలలో ఉంటుంది, ఇంట్లోనే మిషను కుట్టుకుంటుంది. తెల్ల అంబాసిడర్ నమూనా కావాలంది. తెలుపంటే ఏ తెలుపమ్మా అని అడిగితే సంచీలోంచి దారం ఉండ ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. "ఇదండీ. షాపులో ఉన్న దారాలన్నీ చూసి ఏరుకొచ్చాను. ఎండలో పెడితే కొంచెం మీగడ రంగు కొట్టాలి."

నా వృత్తిలో రంగు అంత బాగా చెప్పిన మనిషిని చూడలేదు. సంతోషంగా అడిగాను: "షోకేసులో పెట్టుకోడానికా అమ్మా?"

"కాదండి, పాతిపెట్టడానికి."

నా చేతిలో దారం ఉండ కిందపడింది. వెంకటరత్నం గారు కుర్చీ లాక్కొచ్చి ఆమెని కూచోబెట్టాడు.

ఆమె భర్త జోజి సొంత టాక్సీ నడుపుకునేవాడు. ఆ తెల్ల అంబాసిడరే. ఆ ఏడు గాలివాన రోజున దివిసీమకి కిరాయి వెళ్ళి, బేరాన్ని దింపి తిరుగు ప్రయాణం కట్టాడు. దిగినవాళ్ళే చెప్పారు, బయల్దేరడం కళ్ళారా చూశామని. ఇంటికి మాత్రం రాలేదు. మనిషీ లేడు, కారూ లేదు.

"కారు అమ్ముకుని ఎవత్తెతోనో పోయాడంటున్నారు స్టాండులో వాళ్ళు. మా అత్తగారింటి వాళ్ళూ అదే మాట. పోయాడు పో, నువ్వూ నీ దారి చూసుకో అంటున్నారు. ఆయన అట్లాంటి మనిషి కాదండీ. చచ్చిపోయాడు." ఆ మాట కుట్టు తెంపినట్టు అనేసింది. "శవం లేకుండా సమాధి ఎట్లాగమ్మా అన్నారు ఫాదర్ గారు. ఆయన వస్తువేదైనా తెచ్చుకుంటే ప్రార్థన చేస్తానన్నారు. బట్టలు పెడితే, బట్టలు కూడా వదిలేసి పారిపోయాడంటారు. ఆయన వస్తువంటే కారేనండీ."

నేను ఒప్పుకున్నాను. ఆమె మెట్టు దిగబోతూ వెనక్కి తిరిగి, "తొందరేం లేదండి, నిదానంగానే చెయ్యండి," అంది. సమాధికి పెట్టుకుని తొందర లేదనడం ఏంటో నాకప్పుడు అర్థం కాలేదు.

గిన్నెలో నీళ్ళు

బాడీ మీద తెలుపు చక్కగా కూర్చుంది. దారం పక్కన పెడితే తేడా తెలియడం లేదు. కుడి పక్క ముందు తలుపు, అంటే డ్రైవర్ తలుపు మీద మాత్రం, అద్దం కింద చిన్న బుడగలు లేచాయి. లోపల నీళ్ళున్న బుడగలు. తేమే అనుకున్నాను. రుద్దేసి మళ్ళీ కొట్టాను. మళ్ళీ అక్కడే లేచాయి.

నేను దయ్యాల్ని నమ్మను, తేమని నమ్ముతాను. ట్యాంకు మర తిప్పి నీళ్ళు వదిలాను. ఎర్రనీళ్ళే, కానీ వాసన వచ్చింది. తుప్పు వాసన కాదు. నాచు, బురద, గేదెలు పొర్లిన రేవు వాసన. ట్యాంకు చిల్లి పడి ఏ మురుగు నీళ్ళో చేరాయేమో అనుకుని వెంకటరత్నం గారితో చెప్పాను. అప్పటికే అది పాతబడి గుర్రుగుర్రుమంటోంది. ఆయన ఒక్కమాట తిట్టకుండా కొత్త కంప్రెసర్ కొన్నాడు. ఈసారి నేనే వెళ్ళి ఏరాను, అద్దం పట్టుకుని. కొత్త ట్యాంకు, కొత్త పైపు, చివర గాజు గిన్నె. లోపల తుప్పు పట్టడానికి ఇంకా టైమే లేదు.

మొదట ఒక ఎర్ర జీపుకి కొట్టాను. అద్దంలా వచ్చింది. గిన్నె పొడిగా ఉంది. జీపు తీసి పక్కన పెట్టి, అంబాసిడర్ని స్టాండు మీదికి ఎక్కించి, కుడి తలుపు నావైపు తిప్పుకున్నాను. మీట నొక్కీ నొక్కకముందే గాజు గిన్నె మసకబారింది. అడుగున నీళ్ళు చేరాయి. బురద నీళ్ళు. అయినా కొట్టాను. తలుపు మీద బుడగలు, అదే చోట, అదే వరస.

సరే, ఇంకోసారి చూద్దామని అంబాసిడర్ దించి జీపు ఎక్కించాను. పొడి గాలి. జీపు దించి అంబాసిడర్ ఎక్కించాను. నీళ్ళు.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కంప్రెసర్ ఆగింది, నేను ట్యాంకులో గాలంతా వదిలేశాను, ముల్లు సున్నాకి వచ్చింది. ఎయిర్ బ్రష్ కొక్కేనికి తగిలించి బీడీ కోసం లేచాను. టప్ మని చప్పుడైంది. చూస్తే ఎయిర్ బ్రష్ కొసన నీటిచుక్క వేలాడుతోంది. గాలి లేదు, రంగు గిన్నెలో రంగూ లేదు. నేను చూస్తుండగానే అది రాలింది. దాని వెనక ఇంకోటి ఊరింది. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది, పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. యా అల్లా అనుకుంటూ వెళ్ళి ఓనర్ని పిలుచుకొచ్చాను.

వెంకటరత్నం గారు నవ్వుతూనే వచ్చాడు. గాజు గిన్నె విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నవ్వు పోయింది.

"ఇది నేను చిన్నప్పుడు ఈత కొట్టిన నీళ్ళు మస్తానూ," అన్నాడు మెల్లగా. "కాలువ నీళ్ళు."

"మనకి కాలువెక్కడిదండీ ఇక్కడ?"

"అదే నేనూ అడుగుతున్నా. ఆ కారు ఇచ్చెయ్యవయ్యా ఆవిడకి. ఎట్లా ఉంటే అట్లా ఇచ్చెయ్యి."

"పూర్తికాని బండి బయటికి పంపనండీ."

ఆయన గిన్నెలో నీళ్ళు పారబొయ్యకుండా మళ్ళీ బిగించాడు.

రోజమ్మ మొక్కు

మర్నాడు రోజమ్మ వచ్చింది. కారుని రెండు చేతులతో ఎత్తి, ముందు వెనకా చూసి, కుడి తలుపు దగ్గర ఆగిపోయింది. నేను గబగబా చెప్పడం మొదలుపెట్టాను: "అదమ్మా, తేమ పట్టింది. రుద్దేసి మళ్ళీ..."

"ఇది నేను మీకు చెప్పలేదు కదండీ."

"ఏది?"

ఆమె కుడిచెయ్యి పక్కకి చాపి, గాలిలోనే నాలుగు వేళ్ళతో తాళం వేసింది. "ఆయనకి కుడిచెయ్యి బయటపెట్టి తలుపు మీద ఇట్లా కొడుతూ నడపడం అలవాటు. కొట్టి కొట్టి అక్కడ రంగంతా పోయింది. వేలికొక మచ్చ. ఎన్నిసార్లు వేయించినా మళ్ళీ పోయేది. మీతో అనడం మర్చిపోయాను."

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. ఇన్నాళ్ళూ బుడగలని రుద్దుతూ వచ్చానే గానీ లెక్కపెట్టలేదు. అద్దం కింద, వరసగా, నాలుగు.

ఆమె గాజు గిన్నె చూసింది. "ఏం నీళ్ళండీ అవి?"

అబద్ధం ఆడదామని నోరు తెరిచాను. ఈలోగా వెనకనుంచి వెంకటరత్నం గారు, "కాలువ నీళ్ళమ్మా. ఆ కారుకి రంగు కొట్టినప్పుడే వస్తున్నాయి," అనేశాడు.

రోజమ్మ స్టూలు మీద కూలబడింది. కారుని ఒళ్ళో పెట్టుకుంది. "మీకు తెలుసాండీ, చచ్చిపోయాడని ఊరందరితో పోట్లాడుతున్నాను కదా. కొండ మీద మేరీమాత దగ్గరికి పోయి మాత్రం, వాళ్ళ మాటే నిజం చెయ్యి తల్లీ అని మొక్కుకుంటున్నాను. ఎవత్తెతో పోతే పోయాడు, ఎక్కడో ఒకచోట అన్నం తింటూ ఉంటే చాలని. ఈ బొమ్మ పూర్తి కాకూడదని కూడా మొక్కుకున్నాను. ఇది పూర్తయితే నేనే ఆయన్ని పాతిపెట్టినట్టవుతుందని."

తొందర లేదని ఎందుకు అన్నదో అప్పుడు తెలిసింది. వెంకటరత్నం గారు అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఆ మచ్చలు అట్లాగే ఉంచండి," అంది లేస్తూ. "మళ్ళీ వస్తాను."

కాలువలు కట్టేశాక

మన డెల్టాలో ఎండాకాలం వస్తే కాలువలు కట్టేస్తారు. లాకులు దించుతారు, నీరు తగ్గి, అడుగు బురద బయటపడుతుంది. ఆ ఏడు కాలువలు కట్టగానే రోజమ్మ గొడుగు వేసుకుని కట్ట పట్టింది. జోజి తిరిగొచ్చే దారిలో ఉన్న కాలువ గట్టంతా, కాలువ కాపలా చూసే ఒక ముసలి లస్కర్ని తోడు తీసుకుని, బస్సులో కొంత, నడక కొంత. మిషను మీద గుడ్డ కప్పేసింది. పిచ్చిదైపోయిందని అత్తగారింటివాళ్ళు అన్నారట. బొమ్మకారు మీద చెమ్మ పడిందని కాలువలు వెతకడం పిచ్చి కాకపోతే ఏంటి? నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి, ఆ వాసన పీల్చి ఉండకపోతే.

ఆ వేసవంతా అంబాసిడర్ని అరలో పెట్టి గుడ్డ కప్పాను. పైన కొట్టాల్సిన మెరుపు వార్నిష్ కొట్టలేదు. అరలో చెక్క మాత్రం దాని కింద ఎప్పుడూ తడిగానే ఉండేది. మిగతా చెక్క ఎండకి పగిలింది.

ఒకరోజు పొద్దున్నే లస్కరు షెడ్డుకి ఫోన్ చేయించాడు. నేనూ ఓనరూ ఆయన స్కూటర్ మీద వెళ్ళాం. ఉయ్యూరు దాటాక, రోడ్డు వంపు తిరిగేచోట జనం మూగి ఉన్నారు. మేం వెళ్ళేసరికి క్రేన్ కారుని గట్టు మీదికి లాగింది. అంతా బురద. తెలుపని చెప్పడానికి ఏమీ లేదు. లోపల జోజి ఉన్నాడు. అంతకంటే చెప్పను.

రోజమ్మ ఎవరు ఆపినా ఆగకుండా కారు దగ్గరికి వెళ్ళింది. పైట కొంగుతో కుడి తలుపు తుడిచింది. తలుపంతా రంగు పెచ్చులు లేచిపోయి ఉంది. అద్దం కింద ఒకచోట మాత్రం నాలుగు మచ్చలు, నున్నగా అరిగి, పక్కపక్కనే. ఆ పైన కిటికీ అద్దం కిందికి దించే ఉంది. అంత వానలోనూ చెయ్యి బయట పెట్టుకునే నడిపాడన్నమాట.

"చూశారాండీ," అంది మా వైపు తిరిగి. "ఇంటికే వస్తున్నాడు."

గుణదలలో సమాధి చేశారు. పారిపోయాడన్న స్టాండువాళ్ళే పెట్టె మోశారు. వాళ్ళలో ఒకడు వెక్కివెక్కి ఏడ్చాడు, నాకు వాడి మీద జాలి వెయ్యలేదు.

చివరి చుక్క

సమాధి అయిన మర్నాడు అంబాసిడర్ని దించి స్టాండు మీద పెట్టాను. కుడి తలుపు నావైపు తిప్పుకున్నాను. గాజు గిన్నె పొడిగా ఉంది. మీట నొక్కాను, పొడిగానే ఉంది. ఆ నాలుగు బుడగలూ నీరంతా ఆరిపోయి, పగిలి, చిన్న గుంటలుగా మిగిలాయి. వాటిని ముట్టుకోకుండా పైన వార్నిష్ కొట్టాను. పని అయ్యాక ట్యాంకు మర తిప్పితే బుస్సుమని గాలి వచ్చింది, ఒక్క చుక్క రాలేదు. అది తొలకరి పడ్డ రోజు, ఊరంతా చెమ్మ. ఇది ఎట్లా అని నన్ను అడక్కండి. నా విద్యలో దీనికి సమాధానం లేదు.

చర్చిలో ఆదివారం పూజ ముగించుకుని రోజమ్మ వచ్చింది. తెల్లచీర కట్టుకుంది. చిక్కిపోయింది గానీ, మనిషి నిదానంగా ఉంది. నేను కారుని పాత బట్టలో చుట్టి ఇస్తూ, "సమాధిలో పెట్టడానికి టైముకి ఇవ్వలేకపోయానమ్మా," అన్నాను.

"అక్కడ పెట్టడానికి ఆయనే దొరికాడు కదండీ."

బట్ట విప్పి చూసుకుంది. నాలుగు గుంటల మీద వేలు పెట్టి రాసింది. తర్వాత కారుని మెల్లగా తిరగేసింది. మా ఆనవాయితీ ఆటోనగర్లో అందరికీ తెలిసిందే, ఆమె కూడా ఎక్కడో విన్నట్టుంది.

"దీనికి చుక్క పెట్టలేదేం?"

పాతిపెట్టే బండికి దిష్టి ఏంటని నేనే పెట్టలేదు. ఆ మాట పైకి అనలేక వెంకటరత్నం గారి వంక చూశాను. ఆయన నల్లరంగు డబ్బా మూత అప్పటికే తీస్తున్నాడు.

"పెట్టండి మస్తాన్ గారూ," అంది రోజమ్మ. "ఇక ఇది ఇంట్లో ఉండే బండి."

సన్నకుంచె ముంచి, ఆమె పట్టుకుని ఉండగానే, అడుగున చుక్క పెట్టాను. ఆరేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం. ఆరాక ఆమె గుణదల ఆటో ఎక్కి కారుని ఒళ్ళో పెట్టుకుంది.